సరోజ తండ్రి సైకిలు పందెం

పోయిన నెల మామ సంవత్సరీకానికి డర్బన్ పక్కనున్న వెరులం వెళ్ళాను. దణ్ణం పెట్టుకుందామని దేవుడి గూటి ముందు వంగితే, దీపం వెనకాల గోడకు ఆనించి ఒక ప్లాస్టిక్ పలక కనిపించింది. అరచేతికి కాస్త పెద్దది. నాలుగు మూలలా కన్నాలు, రెండింటికి ఇంకా తుప్పు పట్టిన తీగముక్కలు. మధ్యలో పెద్ద అంకెల్లో నంబరు, దాని కింద ఎవరిదో గుండ్రటి చేతిరాతలో ఇంగ్లీషులో ‘మిస్టర్ సరో’. ఇన్నేళ్ళ దీపం మసి పట్టినా మూలల్లోని పసుపు మరకలు మాత్రం పోలేదు. వెంకటేశ్వరుడికీ మారెమ్మకీ నడుమ సైకిలు పందెం నంబరు పూజలందుకునే ఇల్లు భూమ్మీద ఇదొక్కటే అయ్యుంటుంది. దాన్ని చూడగానే నాకు ముందు తొడల్లో నొప్పి గుర్తొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ పలక మామది. దాని మీద ఆయన పేరు లేదు. ఆ రోజు మేమిద్దరం పడ్డ పాట్లన్నీ ఆయన పేరు ఒక కాగితం మీదికి ఎక్కడానికే.

మామ అంటే నాకు నిజంగా చుట్టమేమీ కాదు. ఆయన పేరు చిన్నయ్య. ఆయన ముత్తాత విశాఖపట్నం వైపు ఏదో పల్లె నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చాడట. ఆ పల్లె పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నేనేమో పిఠాపురం దగ్గర కాలవ గట్టు మీద ఊళ్ళో పుట్టి, కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, ఈ దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా అందరూ మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడాది డర్బన్‌లో నీళ్ళ పైపుల ఉద్యోగానికి దిగినవాణ్ణి. మొదటి ఆదివారం వెరులం గుడి ముందున్న పబ్లిక్ ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే, వెనక నుంచి ఒక పొట్టావిడ వచ్చి నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. “నువ్వు తెలుగా? ఒరిజినల్ తెలుగా?” అంది. ఆయ్ అన్నాను. “అయితే మా ఇంట్ల ఉండు. వెనక రూమ్ ఉంది. తిండి నాను పెడతా. ఎంత బక్కగ ఉన్నాడు సూడు నువ్వు!” ఆవిడ నరసమ్మత్త. ఆవిడ తెలుగులో నువ్వుకీ వాడికీ తేడా ఎప్పుడో పోయింది గానీ, తిట్లు మాత్రం నాలుగు తరాలుగా చెక్కు చెదరకుండా ఉన్నాయి. మా నాయనమ్మ నోట విని మరిచిపోయిన తిట్లను నేను మళ్ళీ ఆ వంటింట్లో విన్నాను.

నేనున్న వెనక గదికీ వంటింటికీ మధ్య ఒక సిమెంటు వాకిలి. తెల్లారకముందే అత్త చీపురు చప్పుడు, తర్వాత సాంబ్రాణి, ఆ తర్వాత కరివేపాకు పోపు. చెరకు కోతల కాలంలో తోటలు తగలబెడితే నల్లటి మసి రేకులు గాలిలో తేలి వచ్చి ఆరేసిన బట్టల మీద వాలేవి. అత్త ఆకాశం వైపు చూసి తోట యజమానుల ఏడు తరాలనూ దులిపేది. పొద్దున్నే మాకు తరవాణి అన్నం, నంజుకోవడానికి నిమ్మకాయ ఊరగాయ. కాకినాడ హోటళ్ళలో ఇడ్లీకి అలవాటు పడ్డ నాకు తరవాణి ఎప్పుడో పోయిన తాతల తిండి. అక్కడ అది ఇంకా ప్రతిరోజూ కుండలో పులుస్తూ ఉండేది. నేను ముఖం చిట్లిస్తే “తిను, చేచా, చేచా!” అని వెనకనించి పొడిచేది. చేచా అంటే తొందరగా అని. తోట కూలీల దగ్గర పనికోసం పుట్టిన మిశ్రమ భాషలోని ఆ మాటను అత్త మా మీదా, కోళ్ళ మీదా, ఒక్కోసారి దేవుడి మీదా సమానంగా వాడేది.

మామ ఇరవై ఎనిమిదేళ్ళు చెరకు ఎస్టేటులో కబుర్లు మోశాడు. ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకు చీటీలు, కొలతలు, జబ్బుల వార్తలు అన్నీ ఆయన నల్ల సైకిలు మీదే వెళ్ళేవి. దానికి చేతి బ్రేకులు ఉండేవి కావు, పెడలు వెనక్కి తొక్కితే ఆగే రకం. ఉద్యోగం మానేశాక కూడా రోజూ సాయంత్రం కోడి ఈకను నూనెలో ముంచి దాని గొలుసుకు రాసేవాడు. మనిషి సన్నగా, ఎండిన చెరకు గడలా ఉండేవాడు. మాట తక్కువ. గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం అద్దంలో తనకు తాను ఇంగ్లీషులో ఏదో ఒకే వాక్యం చెప్పుకునేవాడు. అదేమిటని నేను అడిగితే అత్త పెదవి విరిచి, “సరోజ తండ్రికి అది మంత్రం. గీసినప్పుడల్లా సెప్తాడు” అనేది.

ఆయన్ని అత్త ఎప్పుడూ సరోజ తండ్రి అనే అనేది. ఎదురుగా ఉంటే ‘ఏమయ్యో’. ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళు చిన్నయ్య ఉన్నాడా అని అడిగేవారు. ‘ఆ మనిషి స్నానం’ అనేది. నాకు ఆటపట్టించడం అలవాటు. “అత్తా, మామ పేరేంటి?” అని రోజూ అడిగేవాణ్ణి. “తెలిస్తే ఎందుకు అడుగుతాడు నువ్వు? తెల్దంటే పోయి ఆయన్నే అడుగు” అని గరిటె ఎత్తేది. ఒకరోజు మాత్రం కోపం లేకుండా చెప్పింది. “పెళ్ళాం నోట మొగుడి పేరు వస్తే ఆయువు తగ్గుద్ది. మా అమ్మ సెప్పింది. నాను ఎందుకు తగ్గించాల?” ఆ తర్వాత నేను ఇక అడగలేదు.

ఆ మంత్రం కథ మామే చెప్పాడు, ఒక ఆదివారం గొలుసుకు నూనె రాస్తూ. ఆయనకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక పెద్ద సైకిలు పందెం ఎస్టేటు గుండా సముద్రం వైపు వెళ్ళిందట. అప్పట్లో అలాంటి పందేలు తెల్లవాళ్ళవి. మామకు వాళ్ళకు నీళ్ళసీసాలు అందించే పని పడింది. సీసాల బుట్ట కట్టుకుని ఆ నల్ల సైకిలు మీద వాళ్ళ వెంట తొక్కాడు. బుట్ట ఖాళీ అయింది, అయినా తొక్కుతూనే ఉన్నాడు. ఎవరికీ వెనకబడలేదు. ఎస్టేటు పొలిమేరలో రెండు రాతి స్తంభాల మధ్య గేటు దగ్గర సెక్షను మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. ‘ఎక్కడికి బయల్దేరావ్? నీ పని ఇక్కడిదాకానే’ అన్నాడు. పందెం వెళ్ళిపోయింది. మామ సైకిలు తిప్పుకుని వచ్చేశాడు. ఇంటికొచ్చాక జవాబు దొరికింది. ‘సముద్రం దాకా సార్. నా సైకిలు మీద.’ ముప్పై ఏళ్ళకు పైగా ఆయన అద్దంలో చెప్పుకుంటున్నది ఆ జవాబే.

వాళ్ళ కూతురు సరోజ అప్పటికి పెళ్ళయి డర్బన్‌లో ఓవర్‌పోర్ట్‌లో ఉండేది. ఒకరోజు బక్కీ, అంటే వెనక సామాను తొట్టి ఉన్న బండి, వేసుకుని వచ్చి తండ్రి ఒళ్ళో ఒక కరపత్రం పడేసింది. కొండ సైకిళ్ళ పందెం. మిడ్‌లాండ్స్ మెరక మీద తెల్లారి మొదలై లోయలూ గుట్టలూ దాటి, చెరకు తోటల గుండా సముద్రం ఒడ్డున ముగుస్తుంది. ఎవరైనా రావచ్చు. ఇద్దరిద్దరు జంటగా తొక్కాలి, ఇద్దరూ కలిసి గీత దాటాలి. సాయంత్రం ఐదులోపు దాటినవాళ్ళ పేర్లే జాబితాలో ఎక్కుతాయి. మామ దారి పటం మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్ళి, చివరలో ఒకచోట ఆపాడు. “ఆ గేటే” అన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి చెవులు ఎర్రబడటం అప్పుడే చూశాను. “ఈపాలి నా పేరు రాస్తారు. రాయాల” అన్నాడు.

ఆయనతో తొక్కాల్సిన మేనల్లుడు పందేనికి నెల ముందు మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు నా నోరే నాకు శత్రువైంది. అంతకుముందెప్పుడో అన్నం తింటూ, కాకినాడ కాలేజీకి రోజూ సైకిలు మీదే వెళ్ళేవాణ్ణని, పాతిక మైళ్ళు నాకో లెక్కా అని కోతలు కోశాను. నిజమే, వెళ్ళేవాణ్ణి. కాలవ గట్టు మీద, అరచేయంత చదునైన దారిలో, ఎదురుగాలి వస్తే దిగి టీ తాగుతూ. మా గోదావరి జిల్లాలో ఎత్తు అంటే లాకు మీది వంతెనే. మామ నా వైపు చూశాడు. అత్త నా వైపు చూసింది. “సూరిబాబు తొక్కుతాడు కదా, ఇండియాలో రోజూ తొక్కినాడు” అంది సరోజ. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్నట్టు, నేను తలూపాను.

మామ దాచుకున్న డబ్బుతో గేర్ల కొండ సైకిలు కొనుక్కున్నాడు, మేనల్లుడిది నాకొచ్చింది. ఆ నెలంతా తెల్లవారుజామున చెరకు దారుల్లో నా చేత తొక్కించాడు. నేను ప్రతి గుట్టకూ ఒక కారణం చెప్పేవాణ్ణి. గేరు జారుతోందని, సీటు ఎత్తు సరిపోలేదని, తరవాణి పడలేదని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మామ పైన ఆగి వేచి ఉండేవాడు. వెరులం వాకిట్లోంచి చూస్తే దూరంగా నీలంగా కనిపించే గుట్టల మీద నాకు అంతకుముందు ఎంత ప్రేమో! దూరపు కొండలు నునుపని చిన్నప్పుడు కాపీ రాసినప్పుడు అర్థం తెలియలేదు, అక్కడ తెలిసింది.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం బయల్దేరాలి. మేమిద్దరం లోపల భోజనం చేస్తుంటే అత్త వాకిట్లో సైకిళ్ళ దగ్గర చాలాసేపు ఉంది. బయటికి వచ్చి చూస్తే కొబ్బరికాయ కొట్టి ఉంది, చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిళ్ళకు బంతిపూలు, ఎక్కడ చూసినా పసుపూ కుంకుమ బొట్లు. “పెళ్ళికొడుక్కి చేసినట్టు చేసినా” అంది, చేతులు తుడుచుకుంటూ. ఆవిడ ముఖంలోని సంతోషం చూసి మేము ఇంకేమీ వెతకలేదు. నిమ్మకాయలు తొక్కించి, సైకిళ్ళు బక్కీలో వేసుకుని వెళ్ళిపోయాం.

మర్నాడు తెల్లారేసరికి మెరక మీద పళ్ళు కొట్టుకునే చలి. ఒక బడి మైదానంలో వందల సైకిళ్ళు. సరోజ బక్కీ పెట్టే చోటు వెతుక్కుంటోంది, మేము చక్రాలకు గాలి చూసుకుంటున్నాం, కాబట్టి నంబర్ల బల్ల దగ్గర వరసలో అత్త నిలబడింది. బల్ల దగ్గరి తెల్లామె ఎంతో ఆప్యాయంగా ‘మీవారి పేరేంటమ్మా’ అని అడిగిందట. అత్త ముందే పంపిన దరఖాస్తు కాగితం మీద చూసుకోమంది. ఆమెకు ఆ కాగితం దొరకలేదు. మళ్ళీ అడిగింది. వెనక వరస పెరుగుతోంది. అత్తకు చెమటలు పట్టాయి. “మై సరోస్ ఫాదర్” అంది. ఆమె పెన్ను తీసి శుభ్రంగా రాసి ఇచ్చింది. నా పలక మీద సూరి అని ఉంది, ఎందుకంటే నా పేరు పలకడానికి అత్తకు అభ్యంతరం లేదు. మామ పలక మీద ‘మిస్టర్ సరో’.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మామ పలక మీది అక్షరాలను బొటనవేలితో రుద్ది చూశాడు. అత్త తల వంచుకుని నిలబడింది, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళే లోపే అందరినీ గీత దగ్గరికి పిలిచారు. “పర్లేదులే. అక్కడ గీత దాటినాక సరిగా రాయిస్తా” అన్నాడు మామ ఆవిడతో, చాలా మెత్తగా. అలా ఆ రోజు పొడవునా దారి పక్క నిలబడ్డవాళ్ళంతా ‘కమాన్, మిస్టర్ సరో!’ అని అరుస్తూనే ఉన్నారు.

మొదటి పెద్ద దిగుడు దాకా అంతా బాగానే ఉంది. ఆ దిగుడులో బ్రేకు పట్టాను. పట్టలేదు. ఈ సైకిళ్ళకు చక్రం అంచును రెండు రబ్బరు ముక్కలు బిగించి పట్టుకుంటేనే ఆగుతాయి. అవి వెన్న మీద వేలులా జారిపోతున్నాయి. ముందు వెళుతున్న మామ ‘ఓరి నాయనో’ అని అరిచి, కంగారులో పాత అలవాటు కొద్దీ పెడలు వెనక్కి తొక్కాడు. అది ఊరికే గిర్రున తిరిగింది. ఆయన తెలివిగా గడ్డి గట్టు మీదికి ఎక్కించి పడ్డాడు. నేను తెలివి లేకుండా కంచెలోకి వెళ్ళి పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. లేచి చక్రం అంచు మీద వేలు పెడితే పచ్చగా మెరిసింది. మామ ఆ వేలు వాసన చూశాడు. “నువ్వుల నూనె” అన్నాడు. పెళ్ళికొడుక్కి చేసినట్టు చేశానంటే బొట్లు పెట్టిందనుకున్నాం. ఆవిడ నాలుగు చక్రాలకూ నూనె, పసుపు కలిపి అంచులంటా పట్టించి నలుగు పెట్టింది. నిన్న సైకిళ్ళు బక్కీలోనే ఉన్నాయి, ఈ పొద్దుటంతా మెరక మీద ఎక్కడమే గానీ దిగడం లేదు కాబట్టి తెలియలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తిట్టుకున్నాను. మామ గట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వి, “నా పెళ్ళికి కూడ ఇంత పుయ్యలేదు” అన్నాడు. ఆ నవ్వు విని కింద గుడిసె వాకిట్లో వంట చేసుకుంటున్న ఒక జూలూ ఆవిడ పైకి వచ్చింది. మామ ఆమెకు జూలూలో కథంతా చెప్పాడు. ఆమె చక్రం ముట్టుకుని చూసి, “మీ ఆవిడకు నువ్వంటే చాలా ఇష్టం, బాబా. కొంచెం తక్కువ ఇష్టమైతే బాగుండేది” అందట. తర్వాత తన పొయ్యిలోంచి గంపెడు బూడిద తెచ్చింది. మొక్కజొన్న పొత్తు పొట్టుతో, నీళ్ళు చల్లి, ముగ్గురం కలిసి నాలుగు చక్రాల అంచులూ తోమాం. మా అమ్మమ్మ అంట్లు తోమినట్టే, అదే చప్పుడు. నా మోచేతికి కూడా ఆమే కట్టు కట్టింది. ముప్పావు గంట పోయింది. బయల్దేరేటప్పుడు మామ నా భుజం పట్టుకుని, “ఈ నూనె సంగతి మీ అత్తకి సెప్పకు. సచ్చేదాకా సెప్పకు” అన్నాడు. ఒట్టేశాను.

ఆ తర్వాత దారి గురించి నాకు గుర్తున్నదంతా నా ముందు చక్రమే. కరపత్రం ప్రకారం మొత్తం మీద దిగుడే ఎక్కువ. ఆ కరపత్రం రాసినవాడు ఎప్పుడూ సైకిలు ఎక్కి ఉండడు. ఒక లోయలో దిగితే దానికి రెండింతలు ఎక్కించారు. మధ్యాహ్నం ఎండలో, ఎర్రమట్టి దారిలో నా తొడలు రెండూ ఒకేసారి బిగుసుకుపోయి సైకిలు మీంచి పక్కకు ఒరిగిపోయాను. మామ వచ్చి కాళ్ళు లాగి, చొక్కా జేబులోంచి బ్రెడ్డు ముక్కల మధ్య అదిమి ఉన్న నిమ్మకాయ ఊరగాయ తీశాడు. “నాకెయ్. ఉప్పు ఉంది” అన్నాడు. నేను ఏడుస్తూ నాకాను. ఆయన్ని ఒక్కణ్ణే వెళ్ళిపొమ్మన్నాను. “ఒక్కడు పోతే రాయరు” అన్నాడు. నిష్ఠూరం లేదు, తొందర లేదు, ఎస్టేటులో చీటీ చదివి వినిపించినట్టు చెప్పాడు. అదే నన్ను లేపింది. ఇంకొకడి ముప్పై ఏళ్ళు నా తొడల మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి ఒక ఇరవై ఆరేళ్ళవాడికి అంతకుముందు ఎప్పుడూ తెలియదు. కొంత తొక్కాను, ఎక్కువ నడిచాను, కొన్నిచోట్ల ఆయన ఒక చేత్తో నా వీపు నెట్టాడు.

చెరకు తోటల్లోకి వచ్చేసరికి ఐదుకు ముప్పావు గంట ఉంది. ఇంకా ఆరు కిలోమీటర్లు. తీయటి కుళ్ళు వాసన, రెండు పక్కలా మనిషెత్తు పైరు. ప్రతి మలుపూ మామకు తెలుసు. ఆ రాతి స్తంభాలు కనిపించగానే ఆయన దిగాడు. హెల్మెట్ తీసి, ముఖం తుడుచుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు. స్తంభాలున్నాయి, మధ్యలో గేటు లేదు. కీళ్ళు పీకేసిన గుర్తులు మాత్రం ఉన్నాయి. మేనేజరు లేడు, కాపలావాడు లేడు, దారి చూపే పందెం మనిషి కూడా లేడు. గాలికి చెరకాకులు కదులుతున్నాయి. మామ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. “ఎవులూ నేరేటి?” అన్నాడు. అంత నీరసం ఆయన గొంతులో రోజంతా వినలేదు. స్తంభం పక్కన కూలబడ్డాడు. “పోదాం మామా, టైమవుతోంది” అన్నాను నేను, అంతసేపూ చావబోయినవాణ్ణి. “ఇన్నేళ్ళు నోట్ల పెట్టుకున్నా. ఎవుడికి సెప్పాల ఇప్పుడు?” అన్నాడు.

నాకు ఏం తోచిందో తెలియదు. కుంటుకుంటూ వెళ్ళి స్తంభాల మధ్య నిలబడి, పొట్ట ముందుకు పెట్టి, చెయ్యి అడ్డం చాచాను. చేతనైనంత కటువైన ఇంగ్లీషులో, “ఎక్కడికి బయల్దేరావ్?” అని అరిచాను. మామ తలెత్తి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మెల్లగా లేచి, సైకిలు పట్టుకుని, నాకు ఎదురుగా వచ్చి, నా కళ్ళలోకి చూసి చెప్పాడు. “సముద్రం దాకా. నా సైకిలు మీద.” సార్ లేదు. నేను చెయ్యి దించి పక్కకు తప్పుకున్నాను. ఆయన ఎక్కి తొక్కుకుంటూ దాటి వెళ్ళాడు. పది గజాలు వెళ్ళి, సైకిలు తిప్పుకుని వచ్చి, మళ్ళీ ఇంకోసారి దాటాడు.

ఒడ్డుకు చేరేసరికి ఐదు దాటి పదకొండు నిమిషాలు. నేల మీద సున్నంతో గీసిన గీత అప్పటికే సగం తొక్కుళ్ళకు చెరిగిపోయింది. ఒకామె బల్ల మడుస్తోంది. మామ నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి, “నా పేరు మిస్టర్ సరో కాదు. సరిగా రాయండి” అన్నాడు. జాబితా కారులో వెళ్ళిపోయిందని, సమయం దాటినవాళ్ళ పేర్లు ఎలాగూ ఎక్కవని, వచ్చే ఏడు తప్పకుండా రమ్మని ఆమె చాలా బాధగా చెప్పి, చెరో సగం నారింజ పండు ఇచ్చింది. అత్త ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. “ఏమయ్యో, దాటినావా?” “దాటినా” అన్నాడు మామ. తన వాటా నారింజలో సగం ఆవిడ చేతిలో పెట్టి, బూట్లు విప్పి నీళ్ళలోకి వెళ్ళాడు. మరుసటి ఏడు ఆయన మోకాలు ఒప్పుకోలేదు. కొన్నేళ్ళకు పందెమే ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషాలు నన్ను చాలాకాలం కుదిపాయి. నా నడకలు, నా ఏడుపు, గేటు దగ్గర నా వేషం, అన్నీ కూడి చూసుకునేవాణ్ణి. మామ ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. కానీ గడ్డం గీసుకుంటూ అద్దంతో మాట్లాడటం మానేశాడు.

ఆ తర్వాత నేను జొహానెస్‌బర్గ్ వెళ్ళిపోయాను. పెళ్ళి, పిల్లలు, పండక్కి ఒక ఫోను. మనుషులు పోయాక గానీ మనం వాళ్ళింట్లో ఎన్ని పూటలు తిన్నామో గుర్తురాదు. మొన్న సంవత్సరీకంలో పంతులు మామ పేరు అడిగితే, ఎనభై దాటిన అత్త అప్పుడు కూడా సరోజ వైపు తిరిగింది. సరోజ చెప్పింది.

మర్నాడు పొద్దున వంటింట్లో, నేను తరవాణి తింటుంటే, అత్త ఆ పలకను కొంగుతో తుడుస్తూ నా ఎదురుగా కూర్చుంది. “ఆ పొద్దు సక్రాలు అంత తెల్లగ ఎట్ల ఉన్నాయి?” అంది ఉన్నట్టుండి. నేను తరవాణి గిన్నె కింద పెట్టాను. “నాను అంట్లు తోమే మనిషి. బూడిద వాసన నాకు తెల్దా? నూనె నానే పూసినా. బూడిద మీరు పూసినారు. ఎందుకు పూసినారో ఆ పొద్దే తెలుసు నాకు.” ఇన్నేళ్ళూ మేము ఆవిడకు తెలియకుండా దాచాం, ఆవిడ మాకు తెలియకుండా దాచింది. “నా వల్ల ఆయన పేరు రెండుపాలు పోయింది సూరీ. ఒకపాలి బల్ల కాడ సెప్పలేక. ఒకపాలి నూనె పూసి.” నేను గేటు కథ చెప్పాను, ఆలస్యం నా వల్లనే అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. “ఆ దారిలో నన్ను తీసుకపో. ఆ పొద్దు నాను రోడ్డు మీద పోయినా. ఆ దారి సూడలేదు” అంది.

కారులో తీసుకెళ్ళాను. చెరకు లేదు. తోట మొత్తం తెల్లటి ఎత్తు గోడల వెనక పెద్ద ఇళ్ళ కాలనీ అయింది. ఆ రెండు రాతి స్తంభాలను మాత్రం కడిగి, మెరుగుపెట్టి, అలంకారానికి అలాగే ఉంచారు. వాటి మధ్య ఇప్పుడు మళ్ళీ గేటు ఉంది. ఎత్తితే లేచే ఎర్రచారల కర్ర, పైన కెమెరా, పక్కన అద్దాల గది. మామ కుర్రతనంలో గేటు ఉంది, ఇప్పుడూ ఉంది. మధ్యలో ఆ కొన్నేళ్ళు మాత్రమే అక్కడ ఏమీ లేదని, మేము సరిగ్గా ఆ ఖాళీలోంచే సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళామని నాకు అక్కడ కారు ఆపాకే తట్టింది. అప్పుడు ఎవరూ అడ్డం లేరని మామ దిగులుపడ్డాడు. ఇప్పుడు నేను ఉండేది కూడా ఇలాంటి గేటు వెనకే. నా ఇంటికి నేను వెళ్ళాలన్నా రోజూ వేలిముద్ర వేస్తాను.

కాపలా కుర్రాడు చేతిలో టాబ్ పట్టుకుని వచ్చాడు, ఇరవై ఏళ్ళ జూలూ అబ్బాయి. వంగి అత్తను చూసి, “సాబోనా, గోగో” అని పలకరించాడు. పెద్దవాళ్ళను వాళ్ళు నానమ్మా అని అలాగే పిలుస్తారు. ఎక్కడికి వెళ్ళాలి, ఎవరింటికి అని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి వెనక్కి తిప్పుదామని నేను అద్దం దించుతున్నాను. అత్త సీటులో ముందుకు జరిగి, అతనికి అర్థమయ్యేలా జూలూలో, “ఎవరింటికీ కాదు నాయనా. సముద్రం దాకా” అంది. అతను నవ్వాడు. లోపల చివరి మలుపు దగ్గర సముద్రం కనబడుతుందని, గోగో కోసం పది నిమిషాలు ఇస్తానని, కాకపోతే పేరు ఎక్కించకుండా కర్ర లేవదని అన్నాడు. “పేరు?”

నా పేరు చెప్పబోయాను. అత్త చల్లటి చెయ్యి నా మణికట్టు మీద పడింది.

“చిన్నయ్య” అంది. అతను రాసుకుని, ఇంటిపేరు అడిగాడు. “అప్పలసామి. చిన్నయ్య అప్పలసామి.”

అతను టాబ్‌ను మావైపు తిప్పి సరిగ్గా ఉందా అని చూపించాడు. అత్తకు కళ్ళు ఆనవు, నన్ను చదవమంది. చదివాను. సరిగ్గా ఉంది. కర్ర లేచింది. నేను బండి కదిలించలేక ఆవిడ వైపే చూస్తుండిపోయాను.

“ఏటి సూస్తన్నాడు నువ్వు?” అంది అత్త, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. “ఇప్పుడు సెప్తే ఆయనకి ఏటి తగ్గుద్ది? బండి పోనీ. చేచా.”